ఇంటి ఇంజనీరును ఎలా ఎంచుకోవాలి, ఏయే రోజుల్లో సైటుకు పిలవాలి

పునాది గోతులు తీసిన రోజు మేస్త్రీ వచ్చి "పిల్లరుకు ఆరు రాడ్లు వేద్దామా, ఎనిమిది వేద్దామా సార్?" అని అడిగాడంటే పని అక్కడితో ఆపించండి. ఆ జవాబు మీకు తెలిసి ఉండాల్సింది కాదు, మేస్త్రీ ఊహించి చెప్పాల్సిందీ కాదు. డ్రాయింగు చూసి చెప్పాల్సింది. చేతిలో డ్రాయింగు లేదు కాబట్టే అడుగుతున్నాడు.

"మున్సిపాలిటీలో ప్లాను పాసయింది కదా, దాని మీద ఇంజనీరు సంతకం ఉంది కదా" అంటారు చాలామంది. ఆ కాగితం ఒకసారి విప్పి చూడండి. గదుల కొలతలు, రోడ్డు వైపు ఎంత వదిలారు, పక్కల ఎంత వదిలారు, ఎత్తెంత, మెట్లెక్కడ, ఇంకుడు గుంత ఎక్కడ అన్నవే ఉంటాయి. ఏ పిల్లరులో ఎన్ని ఎంఎం రాడ్లు, ఫుటింగు (పిల్లరు కింద పునాది దిమ్మ) వెడల్పెంత, బీములో రింగులు ఎంత దూరానికొకటి అన్నవి ఉండవు. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించిన మంచి ఏర్పాటు ఇది. కానీ అనుమతి వచ్చిందంటే మీ పిల్లర్ల లెక్క ఎవరో సరిచూశారని కాదు. ఆ లెక్క చేయించుకునే బాధ్యత మీదే.

ఈ వివరాలన్నీ 100 నుంచి 300 గజాల స్థలంలో రెండు మూడు అంతస్తుల సొంతిల్లు కట్టుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

మొదటి అడుగు: ఎవరి పని ఏమిటో తెలుసుకోండి

ఆర్కిటెక్టు పని ఇంటి అమరిక: గాలి, వెలుతురు, గదుల కూర్పు, మెట్లు, ఎలివేషన్. వాస్తు కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. పిల్లర్లు లేచాక వాస్తు పేరుతో గోడలు, మెట్లు జరిపితే స్ట్రక్చరల్ లెక్క మొత్తం తప్పుతుంది.

స్ట్రక్చరల్ ఇంజనీరు పని ఇంటి బరువు ఏ దారిలో నేలకు దిగుతుందో లెక్కగట్టడం. ఫుటింగులు, పిల్లర్లు, బీములు, స్లాబు, మెట్లు ఎంత సైజులో ఉండాలో, వాటిలో ఎంత ఉక్కు పడాలో చెప్పేది ఇతనే.

సైటు ఇంజనీరు డ్రాయింగులో ఉన్నది సైటులో జరుగుతోందా లేదా అని చూస్తాడు. ఎల్‌టీపీ అంటే పురపాలక, టౌన్ ప్లానింగ్ అధికారుల దగ్గర లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడు. ప్లాను గీసి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, అనుమతి తెప్పిస్తాడు. చాలామంది అసలు స్ట్రక్చరల్ ఇంజనీరును పెట్టుకోకుండా ఎల్‌టీపీతోనే పని అయిపోయిందనుకుంటారు. చిన్న ఇంటికి ఒకే మనిషి రెండు మూడు పనులు చేయవచ్చు, తప్పు లేదు. కాకపోతే ఏ పనికి ఎంత ఇస్తున్నారో విడివిడిగా రాసుకోండి. అనుమతి పనికి ఇచ్చిన డబ్బులో డిజైను కూడా ఉందని మీరు అనుకుంటారు, లేదని అతను అనుకుంటాడు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మేస్త్రీని తక్కువ చేయడం కాదు ఇది. గోడను తూకంలో లేపడం, మూలమట్టం కలపడం, బాత్రూమ్ వాటం సరిగ్గా తీయడం మంచి మేస్త్రీకి తెలిసినట్టు ఏ ఇంజనీరుకూ తెలియదు. కానీ బరువు లెక్క చేతి పనితనం కాదు. పక్కింటికి వేసిన రాడ్లే ఇక్కడా వేస్తానంటే, పక్కింటి పిల్లర్ల మధ్య 10 అడుగులు ఉండి మీ హాల్లో 16 అడుగులు ఉండొచ్చు. మేస్త్రీ అంచనాలో ఉక్కు తగ్గడమే కాదు, పెరగడమూ ఉంటుంది. మామూలు ఇళ్లలో చదరపు అడుగుకు 3.5 నుంచి 4 కిలోల ఉక్కు పడుతుంది. భయంతో కిలో ఎక్కువ వేయిస్తే 2,000 చదరపు అడుగుల ఇంటికి 2 టన్నులు. ఆ రెండు టన్నుల ధరను ఇంజనీరు ఫీజు పక్కన పెట్టి చూసుకోండి. ఇంత ఎక్కువ వేసినా, పడాల్సిన చోట పడకపోతే ఆ ఉక్కు ఏ పనికీ రాదు.

రెండో అడుగు: అర్హత సరిచూడండి

ఆర్కిటెక్టు విషయంలో ఇది సులువు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్టు అని పేరు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ నంబరు 'సీఏ' అక్షరాలతో మొదలై తర్వాత సంవత్సరం, వరుస సంఖ్య ఉంటాయి. కౌన్సిల్ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూస్తే పేరు, గడువు తెలుస్తాయి. విజిటింగ్ కార్డు మీద నంబరు లేకపోతే అడిగి తీసుకోండి.

సివిల్ ఇంజనీర్లకు దేశమంతటా వర్తించే అలాంటి చట్టం లేదు. అందుకని మూడు చూడాలి. డిగ్రీ ఒకటి: డిజైనుకైతే స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ ఉన్నవారు మేలు, బీటెక్ చేసి చాలాకాలంగా డిజైను ఆఫీసులో పని చేసినవారైనా సరే. స్థానిక సంస్థ ఇచ్చిన లైసెన్సు, దాని గడువు రెండోది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: అతను ఇదివరకు ఇచ్చిన ఒక ఇంటి స్ట్రక్చరల్ డ్రాయింగుల సెట్టు. "మీరు చేసిన ఇల్లు ఒకటి చూపించండి" అని అడక్కండి. పూర్తయిన ఇంట్లో రంగులు తప్ప ఏమీ కనపడవు. "ఇప్పుడు స్లాబుకు రాడ్లు కడుతున్న సైటు చూపించండి" అని అడగండి. అక్కడ రాడ్ల కింద, వాటిని అచ్చుకు తగలకుండా ఎత్తి పట్టే కవర్ బ్లాకులు ఉన్నాయా, లేక గ్రానైటు ముక్కలు, కంకర రాళ్లు పెట్టారా చూడండి. కిందటి అంతస్తు పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడిపి ఉంచారా చూడండి. పిల్లరు అడుగున కంకర పైకి తేలి తేనెపట్టులా కనిపిస్తోందా చూడండి. పది నిమిషాల్లో ఆ ఇంజనీరు మాట సైటులో చెల్లుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా వేయండి: "మట్టి పరీక్ష లేకుండా డిజైను ఇస్తారా?" ఇస్తానన్నవారిని వదిలేయండి.

మూడో అడుగు: డిజైనుకు ముందే మట్టి పరీక్ష

"పక్కింటికి అయిదడుగులు తీశారు, మనకూ అయిదడుగులు చాలు" అన్న మాట ప్రతి సైటులోనూ వినిపిస్తుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో, కృష్ణా గోదావరి డెల్టాల్లో నల్లరేగడి ఎంత లోతుందో ఒక్కో స్థలంలో ఒక్కో తీరు. హైదరాబాదులో చాలాచోట్ల మొరం, దాని కింద రాయి తగులుతాయి. కానీ పూడ్చేసిన కుంటలు, పాత క్వారీ గుంతల మీద వేసిన వెంచర్లలో పై నుంచి చూస్తే ఏమీ తెలియదు.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంచించుకుపోతుంది. తక్కువ లోతులో వేసిన పునాది ఏటా ఆ మట్టితోపాటు లేచి దిగుతుంది. మొదట కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. తర్వాత వానాకాలంలో తలుపులు పట్టేస్తాయి. ఆ పగుళ్లకు పుట్టీ పెట్టినా మరుసటి ఏడాది మళ్లీ అక్కడే విచ్చుకుంటాయి. ఇలాంటి నేలల కోసం రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అండర్-రీమ్డ్ పైల్స్ పద్ధతిని తయారుచేసింది. కింద గుమ్మటంలా వెడల్పయ్యే కాంక్రీటు స్తంభాన్ని (పైలును) మట్టి కదలిక ఉండని లోతు వరకు దింపుతారు. అది కావాలా, లేక రేగడిని తీసేసి మొరం నింపితే చాలా అన్నది పరీక్ష నివేదికే చెప్పాలి.

150, 200 గజాల స్థలానికి కనీసం రెండు చోట్ల బోరు వేయించండి, ఎదురెదురు మూలల్లో. నివేదికలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: ఎస్‌పీటీ విలువలు (మట్టి ఎంత గట్టిదో చెప్పే అంకెలు) లోతువారీగా, చదరపు మీటరుకు ఎన్ని టన్నులు మోస్తుందన్న సురక్షిత భార సామర్థ్యం, నీటిమట్టం, ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (తడికి మట్టి ఎంత ఉబ్బుతుందో), మట్టిలో సల్ఫేట్, క్లోరైడ్. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 50 శాతం దాటితే మామూలు ఫుటింగు వద్దని ఇంజనీరు అంటాడు, అతనితో వాదించకండి. బోరు వేసే రోజు మీవాళ్లెవరైనా దగ్గరుండాలి. ఒక బోరు వేసి రెండు నివేదికలు రాయకుండా ఉంటారు.

నాలుగో అడుగు: డ్రాయింగుల్లో ఏముండాలో చూసుకోండి

ఇంజనీరుకు మీరు ముందే చెప్పాల్సినవి: చివరికి ఎన్ని అంతస్తులు కడతారు, పైన ట్యాంకు ఎన్ని లీటర్లు, కింద పార్కింగ్ వదులుతారా, ఇటుకా లేక తేలికపాటి ఏఏసీ బ్లాకులా, పూజగదిలోనో హాల్లోనో రాతి పని బరువు ఏమైనా ఉందా. "ఇప్పటికి ఒక్క అంతస్తే, తర్వాత చూద్దాం" అని చెప్పి, అయిదేళ్లకు పైన రెండు లేపడం మన దగ్గర మామూలైంది. ఒక అంతస్తుకు వేసిన ఫుటింగు మీద రెండోది ఎక్కిస్తే అది ఆ రోజే కూలదు. మెల్లగా ఒక మూల కుంగుతుంది, కారణం దొరకదు.

చేతికి రావాల్సిన షీట్లు: పిల్లర్ల సెంటర్ లైను, ఫుటింగు వివరాలు, పిల్లర్ల పట్టిక, ప్లింత్ బీములు, ప్రతి అంతస్తు బీములు, స్లాబు, మెట్లు, సజ్జలు. వీటితోపాటు కాంక్రీటు గ్రేడు, ఉక్కు గ్రేడు, కవరు (రాడ్డు బయట ఉండే కాంక్రీటు పొర మందం), అతుకుల పొడవు రాసిన సూచనల షీటు. బార్ బెండింగ్ షెడ్యూలు కూడా అడగండి. ఉక్కు ఎన్ని కిలోలు కొనాలో దాన్ని బట్టే తెలుస్తుంది.

కాంక్రీటు పనికి దేశమంతా పాటించే కోడు ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి, అంటే రాడ్లు వేసి పోసే కాంక్రీటుకు, కనీసం ఎం20 గ్రేడు కావాలి. ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ. ఎం25, ఆపైన అయితే పాళ్ల లెక్క కాకుండా ల్యాబులో డిజైను మిక్సు చేయించాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నంలా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అదే కోడు ఎం30 కాంక్రీటు, 45 ఎంఎం కవరు అడుగుతుంది. తీరంలో పదిహేనేళ్లకే స్లాబు అడుగు పెచ్చులూడి తుప్పు రాడ్లు బయటపడుతున్నాయంటే, ఎక్కువసార్లు లోపలి ప్రాంతాల లెక్కతో కట్టేయడమే కారణం.

డ్రాయింగులో రింగుల బొమ్మ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పిల్లరు రింగు చివర కొక్కెం 135 డిగ్రీలు వంగి కాంక్రీటు మధ్యలోకి దూరాలి. వంగిన తర్వాత తోక పొడవు రాడ్డు మందానికి 6 రెట్లు, ఎంత తక్కువైనా 65 ఎంఎం ఉండాలి. భూకంపాన్ని తట్టుకునే కట్టడాల కోడు ఐఎస్ 13920 చెప్పేది ఇదే. సైటులో బెండరు చేతికి సులువని 90 డిగ్రీలకే వంచి వదిలేస్తాడు. నేల కదిలినప్పుడు పిల్లరు పైపొర ఊడితే 90 డిగ్రీల కొక్కెం తెరుచుకుంటుంది. రింగు విప్పుకోగానే నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి. ఆ తర్వాత పిల్లరు నిలవదు. మన దగ్గర భూకంపాలు రావనుకోకండి. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చినది ఉన్నాయి. తొమ్మిదంగుళాల పిల్లర్ల మీదే మన ఇళ్లన్నీ లేస్తున్నాయి కానీ, అదే కోడు పిల్లరు ఏ వైపూ 300 ఎంఎం కన్నా తగ్గకూడదంటుంది. గోడలోంచి పిల్లరు పొడుచుకొస్తుందని తగ్గించమని అడిగే ముందు ఇది గుర్తుంచుకోండి.

కింద అంతా పార్కింగ్‌కు వదిలి పైన గోడలతో అంతస్తులు వేసేవారు మరింత జాగ్రత్త పడాలి. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కేంద్రానికి చాలా దూరంగా ఉన్న అహ్మదాబాద్‌లో కూడా ఇలాంటి భవనాలు కింది అంతస్తు నలిగి కూలాయి. పై అంతస్తుల్లో గోడలు బిగువునిస్తాయి, కింద పిల్లర్లు ఒంటరిగా ఊగుతాయి. పార్కింగ్ ఉందని ఇంజనీరుకు స్పష్టంగా చెప్పి, ఆ పిల్లర్ల లెక్క వేరుగా చూపించమనండి.

అయిదో అడుగు: ఒప్పందం కాగితం మీద పెట్టండి

ఇంజనీరు ఫీజును డ్రాయింగులకు కొంత, సైటు సందర్శనలకు కొంత అని విడగొట్టండి. సందర్శనల డబ్బు వచ్చిన రోజే ఇవ్వండి. మొత్తం ముందే ఇచ్చేస్తే స్లాబు ముందురోజు ఫోను ఎత్తరు. వచ్చిన ప్రతిసారీ సైటు పుస్తకంలో తేదీ వేసి, చూసింది, మార్చమన్నది రాసి సంతకం పెట్టాలి. 200 పేజీల నోటుబుక్కు చాలు.

కాంట్రాక్టరుతోనైతే ఇవి రాయించుకోండి: చదరపు అడుగు లెక్క ఎలా కొలుస్తారు, బాల్కనీ, మెట్లు, సజ్జలు అందులో కలుస్తాయా, సిమెంటు, ఉక్కు, వైర్లు, పైపుల బ్రాండ్లు, గ్రేడ్లు, సెంట్రింగ్ సామాను, వైబ్రేటరు, క్యూరింగ్ మనిషి ఎవరి ఖర్చు, డ్రాయింగుకు తేడాగా కడితే విప్పి మళ్లీ కట్టే ఖర్చు ఎవరిది. చివరి బిల్లులో 5 శాతం ఆపుకుని ఒక వానాకాలం గడిచాక ఇస్తానని రాయండి. లీకులన్నీ మొదటి వానల్లోనే బయటపడతాయి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో ఫ్లాటు కొన్నవారికి నిర్మాణ లోపాలపై అయిదేళ్ల హామీ ఉంది. సొంత స్థలంలో మీరు కాంట్రాక్టరుకు ఇచ్చే పనికి అది దానంతట అదే రాదు, అందుకని ఆ అయిదేళ్ల మాట ఒప్పందంలోనే పెట్టండి. ఇల్లు కట్టే పని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. రసీదులుంటే ఫిర్యాదు చేయవచ్చు, చేతి నోట్లతో ఇచ్చిన డబ్బుకు రసీదు లేకపోతే వాదించడానికి ఏమీ మిగలదు.

ఆరో అడుగు: ఇంజనీరు సైటులో ఉండి తీరాల్సిన రోజులు

రోజూ రానక్కర్లేదు. కానీ కాంక్రీటు పడ్డాక లోపలిది ఎవరికీ కనపడదు. కాబట్టి ప్రతి కాంక్రీటుకు ముందురోజు రావాలి. అదే రోజు ఉదయం కాదు, ముందురోజు. లారీ గేటు దగ్గర నిలబడ్డాక తప్పు కనిపించినా ఎవరూ విప్పించరు.

*మార్కింగ్ రోజు.* సున్నం గీతల మీద మూలమట్టం చూడాలి. 30 అడుగులకు 40 అడుగుల మడి అయితే ఎదురు మూలల మధ్య రెండు వైపులా సరిగ్గా 50 అడుగులు రావాలి. రెండు అంగుళాలు తేడా వచ్చినా ఇంటి చివర టైల్సు వంకరగా వస్తాయి, సెట్‌బ్యాకూ తగ్గుతుంది.

*గోతి అడుగు.* బెడ్డు కాంక్రీటు వేసే ముందు ఇంజనీరు గోతిలోకి దిగి చూడాలి. నివేదికలో మొరం అని ఉండి గోతిలో నల్లమట్టి, పాత చెత్త, గోనె పీలికలు కనిపిస్తే ఇంకా లోతుకు వెళ్లాలి. రాత్రి వానకు గోతిలో నీళ్లు నిలిచి ఉంటే మెత్తబడిన మట్టి గీకి తీశాకే బెడ్డు వేయాలి.

*ఫుటింగు జాలీ, పిల్లరు మొదళ్లు.* ఫుటింగు కింద, చుట్టూ 50 ఎంఎం కవరు, పిల్లరుకు 40 ఎంఎం. పిల్లరు రాడ్డు కింద ఎల్ ఆకారంలో వంగి జాలీ మీద కూర్చోవాలి. ఇక్కడ సెంటరు తప్పితే పైకి వెళ్లేకొద్దీ రాడ్లు వంచి సరిచేస్తారు, అది పిల్లరును దెబ్బతీస్తుంది.

*పిల్లర్ల అతుకులు.* రాడ్డు పొడవు 12 మీటర్లు, ముక్క మిగలకుండా స్లాబు మట్టంలోనే అతుకు వేసేయడం అలవాటు. భూకంపపు లెక్కలో అతుకు పిల్లరు మధ్య భాగంలో రావాలి. అతుకు పొడవు డ్రాయింగులో ఉంటుంది. ఎం25 కాంక్రీటు, ఎఫ్‌ఈ500 గ్రేడు ఉక్కు అయితే రాడ్డు మందానికి దాదాపు 50 రెట్లు, అంటే 16 ఎంఎం రాడ్డుకు 80 సెంటీమీటర్లు. టేపు పెట్టి కొలవండి. బీము, పిల్లరు కలిసే చోట రింగులు కట్టడం కష్టమని అక్కడ ఒక్కటీ వేయకుండా వదిలేస్తారు. అక్కడే ఎక్కువ కావాలి.

*స్లాబు ముందురోజు.* అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టాల్సిన సందర్శన ఇదే. సర్వీ బాదుల కింద ఇటుక ముక్కలు పేర్చి ఎత్తు సరిచేశారా చూడాలి. ఒక్క ఇటుక జారితే స్లాబు ఆ చోట దిగుతుంది. స్లాబు రాడ్ల కింద 20 ఎంఎం కవర్ బ్లాకులు ఉండాలి. కరెంటు పైపులు బీము రాడ్లను కోసుకుని వెళ్లకూడదు.

ఇక బాల్కనీ. గోడ అవతలికి వేలాడే స్లాబులో బరువు లాగేది పైభాగాన్ని. కాబట్టి ప్రధానమైన రాడ్లు పైన ఉండాలి, లోపలి స్లాబులోకి డ్రాయింగులో చెప్పినంత దూరం వెళ్లి పట్టుకోవాలి. పైన కట్టినా సరిపోదు. కాంక్రీటు తట్టలు మోసుకుంటూ పదిమంది దాని మీద తొక్కితే రాడ్లు కిందికి జారిపోతాయి. ఎవరికీ కనపడదు. సెంట్రింగ్ విప్పిన రోజున బాల్కనీ విరిగి పడడానికి, సజ్జలు కూలడానికి ఎక్కువగా కారణం ఇదే. మీటరుకొకటి చొప్పున, పై రాడ్లను ఎత్తి పట్టే చెయిర్లు (వంచిన రాడ్డు ముక్కలు) కట్టి, నడవడానికి పలకలు వేయించండి. కాంక్రీటు బాల్కనీ దగ్గరికి వచ్చినప్పుడు మీరో మీ మనిషో అక్కడే నిలబడి చూడాలి.

*స్లాబు రోజు.* నీళ్ల దగ్గర కాపలా పెట్టండి. ఎం20 కోసం 1:1.5:3 పాళ్లలో కలిపితే 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పడకూడదు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. జారుగా ఉంటే పని తొందరగా అవుతుందని బకెట్టు పోస్తారు. ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక మిగిలేవి సన్న రంధ్రాలే. బలం తగ్గుతుంది, తర్వాత స్లాబు చెమరుస్తుంది. ఇసుక, కంకర తట్టల లెక్కన కాకుండా 35 లీటర్ల కొలపెట్టెతో పోయించండి. 40, 35, 25 సెంటీమీటర్ల కొలతలతో చెక్కపెట్టె చేయిస్తే ఒక బస్తా సిమెంటుకు సమానం. బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెలు కంకర. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ముందే పరీక్ష చేయించండి. క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే ఆర్‌సీసీకి పనికిరావు.

రెడీమిక్స్ తెప్పిస్తే చీటీలో గ్రేడు, బయలుదేరిన సమయం చూసి సంతకం పెట్టండి. దారిలో గట్టిపడిందని డ్రైవరు డ్రమ్ములో నీళ్లు కొట్టనివ్వకండి. వైబ్రేటర్లు రెండు ఉంచుకోండి, ఒకటి ఆగితే స్లాబు మధ్యలో అతుకు పడుతుంది.

బలం పరీక్షకు కాంక్రీటు క్యూబులు (అచ్చులో పోసిన దిమ్మలు) తీయించడం చిన్న ఇళ్లలో ఎవరూ చేయడం లేదు, చేయాలి. 1,000 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందంలో దాదాపు 12 ఘనపు మీటర్లు. బీములతో కలిపి 16 దాటితే ఐఎస్ 456 ప్రకారం 3 శాంపిళ్లు, ఒక్కో శాంపిలుకు 15 సెంటీమీటర్ల క్యూబులు మూడు, మొత్తం 9. వాటిని నీటి తొట్టిలో ఉంచి 28వ రోజున ల్యాబుకు పంపాలి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో చాలాచోట్ల పరీక్ష చేస్తారు. శాంపిళ్లు తీస్తున్నారని తెలిస్తే కలిపేవాళ్ల చేతిలో బకెట్టు కూడా తగ్గుతుంది.

*సెంట్రింగ్ విప్పే ముందు.* మామూలు సిమెంటుతో వేస్తే 4.5 మీటర్ల లోపు స్లాబుకు ఆధారాలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల లోపు 14 రోజులు, మించితే 21 రోజులు. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన) సిమెంటు వాడితే ఇంకొన్ని రోజులు ఆగండి. సామాను అద్దె పెరుగుతోందని కాంట్రాక్టరు తొందరపెడతాడు. బాల్కనీకి కొస నుంచి మొదలుపెట్టి గోడ వైపు విప్పుకుంటూ రావాలి. స్లాబు మీద మడులు కట్టి మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ అయినా ఎండలు బాగా ఉన్నా 10 రోజులు తగ్గకుండా నీళ్లు నిలపాలి. ఒక్క రోజు ఎండినా ఆ నష్టాన్ని తర్వాతి తడి పూడ్చలేదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో ఇల్లు కట్టించుకునేవాళ్లకు ఈ రోజులే ఆధారం. బావగారికో బాబాయికో పని అప్పగించినా, ఇంజనీరు మాత్రం మీకు నేరుగా జవాబు చెప్పేలా పెట్టుకోండి. రింగుల మధ్య టేపు పెట్టి తీసిన ఫొటో, కవర్ బ్లాకుల ఫొటో, సైటు పుస్తకం పేజీ ఫొటో వచ్చాకే కాంక్రీటుకు డబ్బు పంపండి. దూరం నుంచి తీసిన ఇంటి మొత్తం ఫొటోతో ఏమీ తెలియదు.

ఏడో అడుగు: కరెంటు, నీళ్లు

ఇంటి కరెంటు పని ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో చేయించండి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మామూలు లెక్క. ఏసీకి ప్లగ్గు వైరే లాగితే గోడలో వైరు వేడెక్కి, బయటికి తెలిసేసరికి స్విచ్చుబోర్డు నల్లబడి ఉంటుంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. షాకు నుంచి కాపాడేది 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ. అది బోర్డులో ఉందో లేదో చూసి, టెస్టు బటను నొక్కి ఆగుతుందో లేదో చూడండి. ఎర్తింగ్ గుంతను సిమెంటుతో మూసేయనివ్వకండి. బాత్రూములకు టైల్సు వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక రెండు రోజులు నీళ్లు నిలిపి కింది స్లాబు చూడండి. పైపులకు ప్రెషరు పరీక్ష ప్లాస్టరింగ్‌కు ముందే. పిల్లరు, ఇటుక గోడ కలిసే గీత మీద జాలీ కొట్టి ప్లాస్టరింగ్ చేయిస్తే అక్కడ నిలువు పగులు రాదు.

ఎనిమిదో అడుగు: దాచుకోవాల్సిన కాగితాలు

మట్టి నివేదిక, సంతకం ఉన్న స్ట్రక్చరల్ డ్రాయింగులు, క్యూబు నివేదికలు, ఉక్కు టెస్టు సర్టిఫికెట్లు, సైటు పుస్తకం, స్లాబుకు ముందు తీసిన రాడ్ల ఫొటోలు, ప్లాస్టరింగ్‌కు ముందు తీసిన పైపుల ఫొటోలు ఒక ఫైలులో పెట్టండి. స్కాను చేసి ఇంట్లో మరొకరి దగ్గరా ఉంచండి. ఏసీ పెట్టేవాడు గోడకు రంధ్రం వేస్తానన్న రోజున ఆ ఫొటోలు తీసి చూపించండి. బీము అడుగున 50 ఎంఎం బోరు వేస్తే రెండు రాడ్లు తెగొచ్చు. కాస్త పక్కకు జరిపి వేయమంటే సరిపోతుంది.